మళ్ళీ లేచిన సామ్రీ: రామ్‌సే సోదరుల భయానక చిత్రాలూ వాటి పునర్విడుదలలూ

తెలుగు పీఠం వెలువరించే సంచికలో హిందీ దయ్యాల సినిమాల మీద వ్యాసమేమిటని కొందరు పాఠకులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దానికి రెండు సమాధానాలున్నాయి. మొదటిది, ఈ సంచిక చదివే విద్యార్థుల్లో చాలామంది కుటుంబాలు తరాలుగా తెలుగు నేలకు వెలుపల స్థిరపడినవి. మన ఇళ్ళలో భాష తెలుగు. సినిమా మాత్రం ఆ ఊళ్ళో ఏ భాషలో ఆడితే ఆ భాషలో చూశాం. రెండవది శాస్త్ర సంబంధమైనది. ఒకప్పుడు చవకబారు సరుకుగా లెక్కకు వచ్చిన కృతి ముప్ఫై నలభై ఏళ్ళ తరవాత శుభ్రమైన ప్రతిగా, పీఠికతో, అనుబంధాలతో తిరిగి వెలువడినప్పుడు దానికి ఏం జరుగుతుంది? ఇది తాళపత్రాల నాటి నుంచీ ఉన్న ప్రశ్న. మన పాఠ పరిష్కరణ శాస్త్రం దీన్ని వేరే మాటల్లో వేసుకుంటూనే ఉంది.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి 1980ల నాటి రామ్‌సే సోదరుల చిత్రాలు అనువైన ఉదాహరణ. ముఖ్యంగా 1984లో విడుదలైన 'పురానా మందిర్'.

ఒక కుటుంబ పరిశ్రమ

దేశవిభజనకు ముందు ఎఫ్.యు. రామ్‌సే కుటుంబం కరాచీలో రేడియో వ్యాపారం చేసేది. అసలు ఇంటిపేరు రామ్‌సింఘానీ. విభజన తరవాత వారు బొంబాయి చేరారు. ఆయన నిర్మించిన చిత్రాల్లో 1963 నాటి 'రుస్తుం సోహ్రాబ్' పేరు తెచ్చుకుంది. 1970లో వచ్చిన 'ఏక్ నన్హీ మున్నీ లడ్‌కీ థీ' నష్టపోయింది. అయితే అందులో ముసుగు వేసుకొని దొంగతనానికి వచ్చే సన్నివేశం దగ్గర ప్రేక్షకులు ఉలిక్కిపడటం కొడుకులు గమనించారు. సినిమా మొత్తం పోయినా ఆ ఒక్క భాగం నిలబడింది. అలాంటప్పుడు ఆ భాగాన్నే సినిమాగా తీస్తే ఏమవుతుందన్న ఆలోచన నుంచి 1972లో 'దో గజ్ జమీన్ కే నీచే' పుట్టింది.

ఏడుగురు అన్నదమ్ములు పని పంచుకున్నారు. కుమార్ కథ, గంగూ ఛాయాగ్రహణం, కిరణ్ శబ్దం, అర్జున్ కూర్పు, తులసి, శ్యామ్ దర్శకత్వం చూసుకొనేవారు. కేశూ నిర్మాణ వ్యవహారాల్లోనూ చిత్రీకరణలోనూ చేయివేసేవాడు. మొదటి భయానక చిత్రానికి యూనిట్టును మహాబలేశ్వరం తీసుకువెళ్ళి అతిథిగృహంలో దించారు. ఇంటి ఆడవాళ్ళు వంట చేశారు. స్టూడియోలో సెట్టు వేసే ఖర్చు లేదు, పెద్ద తారల పారితోషికం లేదు. ఈ పద్ధతే తరవాత వారి ముద్ర అయింది. పాత బంగళా, పొగమంచు, ఎరుపు నీలి దీపాలు, రాత్రంతా వీచే గాలి, నేల కింద గది. మహారాష్ట్ర తీరంలో మురూడ్ నవాబు భవనం వారి కెమెరాకు చాలాసార్లు పనికివచ్చింది.

ఇలాంటి సినిమాలను వాణిజ్య పరిభాషలో 'ఎక్స్‌ప్లాయిటేషన్' చిత్రాలంటారు. తెలుగులో సూటిగా చెప్పాలంటే ఎర వేసి టికెట్టు అమ్మే సినిమాలు. పోస్టరు మీద దంష్ట్రలున్న ముఖం ఒకటి, తడిసిన చీరలో స్త్రీ ఒకతె. నగరంలోని పెద్ద హాళ్ళు చిన్నచూపు చూసినా చిన్న కేంద్రాల్లో నాలుగు వారాలాడితే పెట్టుబడి తిరిగి వచ్చేది. ఆ లెక్క తెలిసి తీసిన సినిమాలివి.

'పురానా మందిర్': కథ, కూర్పు

కథ సరళం. రెండు వందల ఏళ్ళ కిందట బీజాపూర్ రాజ్యంలో సామ్రీ అనే దుష్టుడు శవాలను తిని, స్త్రీలను చంపి శక్తి సంపాదిస్తుంటాడు. రాజు వాణ్ణి పట్టించి తల నరికిస్తాడు. మొండాన్ని పాత గుడి దగ్గర పూడ్చి, తలను పెట్టెలో పెట్టి తన భవనంలో భద్రం చేయిస్తాడు. చచ్చేముందు సామ్రీ శాపం పెడతాడు: ఈ వంశంలోని ఆడవాళ్ళంతా ప్రసవంలోనే చస్తారు, తలా మొండెం కలిసిన నాడు తాను లేచి వంశాన్ని నాశనం చేస్తాడు. తరవాత కాలంలో ఆ వంశంలోని ఠాకూరు కూతురు సుమన్ ఒక పేద యువకుణ్ణి ప్రేమిస్తుంది. తండ్రి వద్దంటాడు. కారణం పేదరికం కాదని, శాపమని తెలుస్తుంది. జంట, వారి స్నేహితులు కలిసి పాత భవనానికి వెళ్తారు. తలా మొండెం కలుస్తాయి. చివరకు త్రిశూలం, నిప్పు సామ్రీని అణచివేస్తాయి.

(కర్ణాటక విద్యార్థులకొక మాట. ఈ చిత్రంలోని బీజాపూర్‌కూ, ఆదిల్‌షాహీల బీజాపూర్‌కూ పేరులో తప్ప పోలిక లేదు. మన జానపద చిత్రాల్లోని రాజ్యాలవలె అది కథకు కావలసిన దూరం మాత్రమే.)

చిత్రం బలం ప్రారంభ ఘట్టంలోనూ, సామ్రీ పాత్రలోనూ ఉంది. సామ్రీగా వేసిన అజయ్ అగ్రవాల్ (అసలు పేరు అనిరుధ్) సివిల్ ఇంజనీరింగ్ చదివిన మనిషి. ఆయన పొడుగును, ముఖాన్ని తులసి, శ్యామ్ పొదుపుగా వాడుకున్నారు. మొదట నీడ, తరవాత చేయి, ఆ తరవాతే కళ్ళు. గంగూ రామ్‌సే దీపాల అమరికలో వాస్తవికత కోసం ప్రయత్నం కనిపించదు. ఎరుపు ఎక్కడి నుంచి వస్తున్నదో ఎవరూ అడగరు. తోలుబొమ్మలాటలో తెర వెనక దీపం ఎక్కడుందని అడగనట్లే.

బలహీనతలను దాచవలసిన పని లేదు. కథానాయిక స్నానాన్ని కెమెరా చూసే తీరులో భయం కంటే వ్యాపారం ఎక్కువ. జగదీప్ నడిపే హాస్య కథ 'షోలే'కు వికట అనుకరణ. ప్రధాన కథతో దాని ముడి చాలా వదులు. పాటలు వచ్చినప్పుడల్లా భయం ఆగిపోతుంది.

కానీ ఇక్కడే విమర్శకుడు తొందరపడకూడదు. మన అలంకారికులు శృంగారానికి బీభత్సాన్నీ, హాస్యానికి భయానకాన్నీ విరోధి రసాలుగా చెప్పారు. ఒకచోట ఇమడనివాటిని ఎలా ఇమడ్చాలో కూడా చెప్పారు. రెండు విరోధి రసాల నడుమ మరొక రసాన్ని నిలిపితే విరోధం పోతుందని ఆనందవర్ధనుడి సూచన. రామ్‌సే సోదరులు 'ధ్వన్యాలోకం' చదివి ఉండరు. హాలులో చంటిపిల్లలతో కూర్చున్న ప్రేక్షకులను చదివారు. భయం ఎంతసేపు నిలపాలి, ఎప్పుడు వదలాలి అన్నది వారి అనుభవం. హాస్యం వచ్చినప్పుడు హాలు ఊపిరి పీల్చుకొంటుంది, పిల్లలను బయటికి తీసుకుపోతుంది, వేరుశనక్కాయలు కొనుక్కొంటుంది. ఈ విరామాలు సినిమాకు అంటించినవి కావు, సినిమా నిర్మాణంలో భాగం. యక్షగానంలో హాస్యగాడి ప్రవేశాన్ని ప్రక్షిప్తమని కొట్టేస్తే మిగిలేది యక్షగానం కాదు. అయితే ఇది సంవిధానానికి సమర్థనే తప్ప స్నానపు సన్నివేశానికి సమర్థన కాదు. ఆ రెండింటినీ వేరుచేసి చూడటం మన పని.

ఇంకొక విషయం. సామ్రీ శాపం పురుషులను తాకదు, ప్రసవించే స్త్రీని తాకుతుంది. తండ్రి పెళ్ళి వద్దనడం వెనక ఉన్న భయం నిజమైన భయం. కాన్పుకు పోయిన ఆడపిల్ల తిరిగి రాకపోవడం మన తాతముత్తాతల ఇళ్ళలో జరిగినదే. చౌకబారు సినిమా అయినా అది తవ్విన చోట నీరు పడింది. హాలులో ఆడవాళ్ళు ఎందుకు కూర్చున్నారన్న ప్రశ్నకు ఇదొక సమాధానమని నా అభిప్రాయం.

వీడియో వచ్చిన తరవాత

1982 ఆసియా క్రీడల సమయంలో రంగుల టెలివిజన్ వచ్చింది. వెనకే వీసీఆర్‌లు వచ్చాయి. ఒక రాత్రికి యంత్రమూ, టీవీ, మూడు నాలుగు కాసెట్లూ అద్దెకు తెచ్చి వీధివీధంతా చందాలు వేసుకొని చూడటం ఆ దశకపు అలవాటు. దొంగ కాసెట్ల బెడద ఎంతగా పెరిగిందంటే 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించి వీడియో ఫిల్ములను అందులో చేర్చవలసి వచ్చింది. కాసెట్టు మీద హక్కుదారుల వివరాలు ముద్రించాలన్న నిబంధన కూడా అప్పటిదే.

ఇక్కడ పాఠ పరిష్కరణ పరిభాష పనికివస్తుంది. నెగటివ్‌ను మూలప్రతి అనుకోండి. హాళ్ళకు వెళ్ళిన ప్రింట్లు దాని ప్రతులు. కాసెట్టు ప్రతికి ప్రతి. అద్దె కొట్లో దొరికేది ఆ ప్రతికి మరో ప్రతి. ఎత్తిరాసిన ప్రతిసారీ లేఖక దోషాలు చేరినట్లు, కాపీ తీసిన ప్రతిసారీ రంగు మసకబారేది, మాట గరగరలాడేది. రీలు తెగిన చోట గ్రంథపాతం. 1990ల చివర్లో వీసీడీలు, 2007 నుంచి మోజర్ బేర్ సంస్థ 28 రూపాయలకు అమ్మిన వీసీడీలు సినిమాను చౌక చేశాయి. పాఠాన్ని బాగుచేయడం వాటి పని కాదు.

మరొక చిక్కు సెన్సారుది. మన దేశంలో బోర్డు తీసివేయమన్న భాగాన్ని ప్రింట్ల నుంచే కాదు, నెగటివ్ నుంచి కూడా తీసి అప్పగించాలన్నది ఆనాటి నియమం. అంటే మూలప్రతిలోనే కత్తెర పడేది. ఇంగ్లండు పరిస్థితి దీనికి భిన్నం. అక్కడ 1980ల ఆరంభంలో వీడియో కాసెట్ల మీద పెద్ద దుమారం రేగింది. ప్రాసిక్యూషన్ల డైరెక్టరు తయారుచేసిన జాబితాలోకి మొత్తం 72 చిత్రాలు ఎక్కాయి. వాటిలో 39 కోర్టుల్లో అశ్లీలాలుగా తేలాయి. 1984లో వీడియో రికార్డింగుల చట్టం వచ్చింది. ఆ దుమారంలో చిక్కుకున్నదే అమెరికన్ విద్యార్థి వయసు కుర్రవాళ్ళు సుమారు 3,75,000 డాలర్లతో తీసిన 'ది ఈవిల్ డెడ్'. అది అక్కడ కత్తిరింపులు లేకుండా 2001లో అనుమతి పొందింది. కత్తెర పడింది బ్రిటిష్ ప్రతులకే. అమెరికాలో నెగటివ్ క్షేమంగా ఉంది, కాబట్టి సంపూర్ణ పాఠం సాధ్యమైంది. మన చిత్రాలకు 'సంపూర్ణ ప్రతి' అని అట్టమీద వేసే ముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

పునర్విడుదల ఒక పరిష్కరణ

రామ్‌సే చిత్రాలను శ్రద్ధగా మళ్ళీ వెలువరించినది భారతీయ సంస్థ కాదు. పీట్ టూంబ్స్ అనే బ్రిటిష్ రచయిత ప్రపంచదేశాల విచిత్ర సినిమాల మీద 1997లో 'మోండో మకాబ్రో' అనే పుస్తకం రాశాడు. అదే పేరుతో నడిచిన డీవీడీ సంస్థ 2006లో 'బాలీవుడ్ హారర్ కలెక్షన్' అనే వరుసను మొదలుపెట్టింది. మొదటి సంపుటంలో 'బంద్ దర్వాజా' (1990), 'పురానా మందిర్' ఉన్నాయి. 2023లో అదే సంస్థ ఆరు చిత్రాలను బ్లూ-రే పెట్టెగా తెచ్చింది. పై రెండూ కాక 'తహఖానా' (1986), 'వీరానా' (1988), 'పురానీ హవేలీ' (1989), 'మహాకాల్' అందులో ఉన్నాయి.

తెలుగు విద్యార్థికి ఇది విన్నట్టున్న కథే. వేమనను కవుల లెక్కలో చేర్చడానికి పండితులు సంకోచించిన కాలంలో సి.పి. బ్రౌన్ ప్రతులు పోగుచేయించి 1829లో 693 పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. 1839లో ఆ సంఖ్య 1,164కు పెరిగింది. వేమన ఎక్కడ, సామ్రీ ఎక్కడ అని మీరు నవ్వితే నేనూ నవ్వుతాను. కృతుల విలువలో పోలిక లేదు. పోలిక పరిష్కర్త స్థానంలో ఉంది. ఇంట్లోవాళ్ళు అటకమీద పడేసినదాన్ని బయటివాడు దించి దుమ్ము దులిపాడు. అందుకు కృతజ్ఞత చెప్పాలి. దులుపుతూ తన పద్ధతిలో అమర్చాడు. దాన్ని పరీక్షించాలి. ఏ పద్యం ఏ విభాగంలోకి పోవాలో బ్రౌన్ నిర్ణయించాడు. వేమనను తరవాతివారు చదివిన తీరు మీద ఆ అమరిక నీడ పడింది.

ఈ డిస్కుల అమరిక మీద మూడు పరిశీలనలు చెబుతాను.

మొదటిది పేరు. 'బాలీవుడ్ హారర్' అన్న మాట రెండు అబద్ధాలను కలిపి ఒక నిజంలా వినిపిస్తుంది. బొంబాయి పరిశ్రమ పెద్దలు రామ్‌సేలను తమలో ఒకరిగా చూడలేదు. ఇక ప్రేక్షకులు ఈ చిత్రాల్లో భయం మాత్రమే చూడలేదు. ప్రేమకథ, ఫైటింగు, పాట, హాస్యం, దేవుడి మహిమ అన్నీ కలిసిన సినిమాగా చూశారు. అట్టమీద పేరు పడగానే భయం అసలు వస్తువూ, మిగిలినవి అడ్డంకులూ అవుతాయి. పాటను దాటవేసే మీట చేతిలో ఉన్న ప్రేక్షకుడికి ఇది వేరే సినిమా.

రెండవది స్పష్టత. బ్లూ-రేలో మాస్కు అంచు కనబడుతుంది, రంగు కాగితం వేసిన దీపం కనబడుతుంది. వీధిలో మేం చూసిన మూడో తరం కాసెట్టులో అవేవీ కనబడలేదు. నల్లటి మసకలోంచి రెండు కళ్ళు మాత్రం వచ్చేవి. మరి ఏది ప్రామాణిక పాఠం? హాలులో ఫిల్ము మీద అది స్పష్టంగానే ఉండేది కాబట్టి బ్లూ-రేనే మూలానికి దగ్గర. కానీ చిన్న ఊళ్ళలో సామ్రీని కాసెట్టు మీద మాత్రమే చూసినవాళ్ళకు ఆ మసకే పాఠం. దోషాలున్న ప్రతిని తరతరాలు పాడుకుంటే ఆ దోషం కూడా సంప్రదాయమవుతుందని జానపద సాహిత్యం చదివినవారికి చెప్పనక్కరలేదు.

మూడవది అనుబంధాలు. 2006 నాటి సంపుటంలో సోదరుల మీద చిన్న డాక్యుమెంటరీ జతచేశారు. తులసి 2018లో, శ్యామ్ 2019లో, గంగూ 2024లో మరణించారు. వాళ్ళ మాట, వాళ్ళ ముఖం నమోదై ఉండటం ఈ పునర్విడుదలల వల్ల జరిగిన మేలు. షమ్యా దాస్‌గుప్తా వారి మీద ఒక పుస్తకమే రాశారు (2017). ఈ పని చేయడానికి విశ్వవిద్యాలయాలకు జీతాలిచ్చే మనుషులున్నారు. చేసినవారు మాత్రం బయటివారు.

ఉపశీర్షికల భాష

భాషాశాస్త్ర విద్యార్థులకు ఈ డిస్కుల్లో అన్నిటికంటే ఆసక్తి కలిగించవలసినది ఇంగ్లీషు ఉపశీర్షిక. హిందీలోని 'తూ', 'తుమ్', 'ఆప్' మూడూ 'యూ' అన్న ఒక్క మాటలో కలిసిపోతాయి. ఠాకూరు కూతురితో మాట్లాడే తీరూ, నౌకరు ఠాకూరుతో మాట్లాడే తీరూ కంటికి ఒకటే అవుతాయి. ఇది ఏ అనువాదకుడి తప్పూ కాదు. ఆ భాషలో ఆ గది లేదు.

దయ్యాల పదజాలం దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. సినిమాలో సామ్రీని శైతాన్ అంటారు. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన ఆ మాటకు దేవుడికి ఎదురు నిలిచినవాడన్న అర్థచ్ఛాయ ఉంది. ఇంగ్లీషులో అది డెవిల్ వంటి మాటల్లోకి పోక తప్పదు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను షోలాపూర్ తూర్పు భాగంలో, మగ్గాల చప్పుడు మధ్య పెరిగాను. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, సినిమాలో హిందీ. అద్దె వీసీఆర్ రాత్రి 'పురానా మందిర్' చూస్తున్నప్పుడు హిందీ రాని మా నాయనమ్మకు మేనత్త పక్కన కూర్చొని తెలుగులో చెబుతూ పోయింది. బీడీలు చుట్టే చేతులు ఆగలేదు, మాటా ఆగలేదు. శైతాన్ అన్న ప్రతిచోటా ఆమె 'దయ్యం' అంది. తలను పెట్టెలో పెట్టి తాళం వేసే ఘట్టం వచ్చినప్పుడు నాయనమ్మ అన్న మాట నాకు ఇప్పటికీ జ్ఞాపకం: "వానికి ఎవ్వరు నీళ్ళిడువలే. ఎట్ల పోతడు మరి?"

మేం పిల్లలం నవ్వాం. భాషాశాస్త్రం చదివిన తరవాత నవ్వు పోయింది. దయ్యము అన్నది దైవము అన్న మాటకే తద్భవం. పాత తెలుగులో దానికి దేవుడనీ, విధి అనీ అర్థాలున్నాయి. మలబారులో తెయ్యం, తుళునాడులో దైవం ఈనాటికీ పూజలందుకొనేవే. మన భాషలో మాత్రం అర్థం దిగజారి పిశాచం దగ్గర ఆగింది. ఆగినా పాత వాసన పూర్తిగా పోలేదు. దయ్యం అంటే ఒకప్పుడు మనిషి. వాడికి మనం చేయవలసినది చేయకపోతే తిరుగుతాడు, చేస్తే శాంతిస్తాడు. శైతాన్ కథలో సామ్రీ శత్రువు, వాణ్ణి చంపాలి. దయ్యం కథలో రాజు కూడా తప్పు చేశాడు. శిక్ష వేయవచ్చు గాని మనిషి శవాన్ని రెండు చోట్ల దాచి కర్మ లేకుండా చేయకూడదు. ఒక్క మాట మారేసరికి కథలో బాధ్యత చేతులు మారింది. మా మేనత్త అనువాదం ఇంగ్లీషు ఉపశీర్షిక కంటే సరైనదని నేను అనడం లేదు. అది మరొక పాఠాంతరం. ఏ డిస్కులోనూ లేని పాఠాంతరం.

మన క్షుద్ర నవలలు

ఇదే దశకంలో తెలుగు వారపత్రికలను క్షుద్ర సాహిత్యం ఏలింది. ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసీదళం' ధారావాహికకు ఎదురుచూసిన పాఠకులు ఎందరో. ఆ నవల ఆధారంగా 1985లో కన్నడంలో 'తులసీదళ' చిత్రం వచ్చింది. అంటే భయం కూడా సరిహద్దులు దాటి ప్రయాణించింది. ఆ నవలలను మూఢనమ్మకాల వ్యాపారమని విమర్శించినవారి వాదంలో బలముంది. చేతబడి నెపంతో మనుషులను కొట్టి చంపిన ఘటనలు మన సమాజంలో కల్పన కావు. కాని విమర్శించడం వేరు, చదవకపోవడం వేరు. చదవకుండా వదిలేసినదాన్ని విమర్శించే హక్కు కూడా మనకు మిగలదు. నవలలు పునర్ముద్రణ పొందుతూ దొరుకుతున్నాయి కనక ఆ చర్చ ఇంకా సాధ్యం. ప్రతి దొరకని సినిమా మీద చర్చ కూడా ఉండదు.

పరిష్కరణలోకి రానిది

ఇంతవరకు చెప్పినదాని సారాంశం ఇది. పునర్విడుదల గతాన్ని ఉన్నదున్నట్లు తిరిగి ఇవ్వదు. అది కొత్త పాఠం. బొమ్మను, శబ్దాన్ని తెస్తుంది. పేరు మారుస్తుంది, పాఠకుణ్ణి మారుస్తుంది. హాలును, వీధిని, పక్కన కూర్చొని చెప్పిన మనిషి గొంతును తేలేదు. వాటిని తేవలసినది విమర్శకుడు, విద్యార్థి.

ఇది ఎదుటివాళ్ళకు చెప్పే నీతి కాదు. 2004లో నేను ఎం.ఏ. తరగతికి సెమినార్ పత్రాలు రాయమన్నప్పుడు ఒక విద్యార్థిని దయ్యాల సినిమాల మీద రాసి తెచ్చింది. చేతిరాతలో నాలుగు పేజీలు. తమ వీధిలో వీసీఆర్ తెచ్చిన రాత్రి ఎవరెవరు వచ్చారు, వాళ్ళమ్మ పక్కింటివాళ్ళకు హిందీ మాటలను తెలుగులో ఎలా చెప్పింది, ఏ మాటకు ఏ మాట వేసింది, ఎక్కడ అర్థం కాక తనే కథ అల్లింది. మొదటి పేజీ పైన నేను ఎర్ర సిరాతో "అంశం మార్చుకోండి" అని రాశాను. ఆమె మారుచెప్పలేదు. వారం తరవాత ప్రబంధాల్లో ఋతువర్ణనల మీద పదిహేను పేజీలు తెచ్చింది. మంచి మార్కులే వేశాను.

రెండేళ్ళ తరవాత సామ్రీ డీవీడీగా వచ్చాడు. నా దగ్గర ఇప్పుడు బ్లూ-రే పెట్టె కూడా ఉంది. డబ్బు పెడితే ఎవరికైనా దొరికింది. ఆ నాలుగు పేజీల కోసం ఈ వ్యాసం రాసేముందు ఆమెకు ఫోను చేశాను. ఆమె ఇప్పుడు వేరే ఊళ్ళో పాఠాలు చెబుతోంది. "అప్పుడే చించేశాను సార్" అంది. వాళ్ళమ్మ చనిపోయి ఆరేళ్ళయిందట. ఏయే మాటలు వాడిందో కొన్ని గుర్తున్నాయా అని అడిగితే రెండు చెప్పి, మూడోది రాక ఆగిపోయింది.

ఆ రెండు మాటలూ రాసుకున్నాను. మీ ఇళ్ళలో ఇంకా చెప్పగలవారుంటే ఈ సెలవుల్లో అడిగి రాసుకోండి. ఏ హాలు, ఏ ఏడు, ఎవరు ఎవరికి ఏ భాషలో చెప్పారు, ఏ మాట వాడారు. అంశం మార్చుకోమని ఈసారి నేను అనను.